పదమూడు నెలలు బతికిన ఊరు

1978 ఏప్రిల్‌లో పుట్టి, 1979 మే నెలలో బూడిదైపోయిన ఊరు ఒకటుంది. దాని పేరు నేతాజీనగర్. పశ్చిమ బెంగాల్‌లో సుందర్బన్ మడ అడవుల ఉత్తరపు అంచున మరిచ్‌ఝాపి అనే దీవి మీద ఆ ఊరు వెలిసింది. కట్టుకున్నవాళ్లు తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు. వాళ్లలో ఎక్కువమంది నామశూద్రులు. పొలం దున్నడం, చేపలు పట్టడం, పడవ నడపడం తప్ప వేరే బతుకుతెరువు ఎరగని దళితులు. ఆ ఊరిని ఖాళీ చేయించింది వామపక్ష సంఘటన ప్రభుత్వం. అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా ఆ కాందిశీకుల కోసమే వీధుల్లోనూ శాసనసభలోనూ కొట్లాడిన పార్టీల ప్రభుత్వం.

వలస వచ్చినవాళ్ల విషయంలో వామపక్ష ప్రభుత్వాలు ఎలా నడుచుకుంటాయన్న మాట వచ్చినప్పుడల్లా మనం డెన్మార్క్ పేరు చెబుతాం, బ్రిటన్ పేరు చెబుతాం. మన పక్క అడవిలో మొదలై బంగాళాఖాతం అంచున ముగిసిన ఈ కథను తెలుగులో చెప్పుకున్నది చాలా తక్కువ. తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన నేల మనది. ఎర్రజెండా మీద ప్రేమతో ప్రాణాలిచ్చినవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. అందుకే ఈ కథ మనకు మరింత బాధ కలిగించాలి. ఆ బాధతోనే దీన్ని మొదటినుంచీ చెబుతున్నాను.

1947లో బెంగాల్ రెండు ముక్కలైనప్పుడు ముందుగా సరిహద్దు దాటి వచ్చినవాళ్లు చదువూ ఆస్తీ బంధుబలగమూ ఉన్న అగ్రకులాలవాళ్లు. కలకత్తా దక్షిణాన ఖాళీగా పడి ఉన్న స్థలాల్లో, యుద్ధకాలంలో సైన్యం వాడి వదిలేసిన శిబిరాల్లో వాళ్లు రాత్రికి రాత్రి గుడిసెలు లేపారు. భూస్వాములు గూండాలను పంపితే ఆడవాళ్లు సహా కాపలా కాశారు. బిజయ్‌గఢ్, ఆజాద్‌గఢ్ లాంటి కాలనీలు అలా పుట్టినవే. 1950లో కాందిశీకుల సంఘాలన్నీ కలిసి ఒక కేంద్ర మండలిగా ఏర్పడ్డాయి. అందులో కమ్యూనిస్టులదే పెద్ద చెయ్యి. 'మేమెవరం? ఇల్లు పోయినవాళ్లం' అన్న నినాదం కలకత్తా వీధుల్లో మోగింది. ఋత్విక్ ఘటక్ 1960లో తీసిన 'మేఘే ఢాకా తారా'లో ఉన్నది అలాంటి కాలనీ బతుకే. ఆక్రమణలని పోలీసులు పిలిచిన ఆ కాలనీల్లో 149 చివరికి ప్రభుత్వ గుర్తింపు పొందాయి. కమ్యూనిస్టు పార్టీ కలకత్తాలో బలమైన పార్టీగా ఎదిగింది ఆ గుడిసెల మధ్య నుంచే.

నామశూద్రులు అప్పుడు రాలేదు. తమ నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ మాట నమ్మి పాకిస్తాన్‌లోనే ఉండిపోయారు. దళితులూ ముస్లింలూ ఇద్దరూ పేదలే, ఇద్దరూ జమీందార్ల కింద నలిగినవాళ్లే, కలిసి బతకగలరని మండల్ నమ్మారు. పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి ఆయనే. 1950లో బరిశాల్, ఖుల్నా ప్రాంతాల్లో హత్యాకాండ జరిగాక, ఆ ఏడాది అక్టోబరులో ఆయన పదవికి రాజీనామా చేసి ఇండియాకు వచ్చేశారు. ఆయన వెనుక ఆయన మనుషులూ బయలుదేరారు. 1964లో ఖుల్నాలో మళ్లీ అల్లర్లు చెలరేగినప్పుడు ఇంకో పెద్ద గుంపు వచ్చింది. వీళ్లకు కలకత్తాలో బంధువులు లేరు, చదువు లేదు, ఖాళీ స్థలం చూసి గుడిసె వేసుకునే ధైర్యమిచ్చే కులబలం లేదు. సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నెలల తరబడి పడుకున్నారు. అక్కడినుంచి కూపర్స్ క్యాంపు, ధుబులియా అనే కాందిశీక శిబిరాలకు. అక్కడినుంచి రాష్ట్రం బయటికి.

బెంగాల్‌లో ఇక చోటు లేదన్నది అప్పటి కాంగ్రెస్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ వాదన. కేంద్రమూ అదే మాట అంది. కాగితం మీద తేదీలు గీశారు. 1958 మార్చి 31లోపు వచ్చినవాళ్లు ఒక రకం. ఆ తరువాత 1963 చివరిదాకా వచ్చినవాళ్లకు గుర్తింపే లేదు. 1964 జనవరి నుంచి 1971 మార్చి 25 లోపు వచ్చినవాళ్లకు సాయం అందాలంటే బెంగాల్ బయట పునరావాసానికి ఒప్పుకోవాలి. పారిపోయి వచ్చిన మనిషికి ఏ రాత్రి సరిహద్దు దాటాడన్న దాన్ని బట్టి హక్కులు కట్టబెట్టిన విధానం ఇది. వాళ్లకోసం 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థ పెట్టారు. దాని కేంద్రం కోరాపుట్.

దండకారణ్యం మనకు కొత్త చోటు కాదు. భద్రాచలం దాటి చింతూరు మీదుగా వెళితే శబరీ సీలేరూ కలిసేచోట మోటు వస్తుంది. ఆ పైన మల్కన్‌గిరి. సీలేరు మీద ఆంధ్ర, ఒరిస్సా కలిసి కట్టిన బలిమెల జలాశయం ఆ జిల్లాలోనే ఉంది. ఆ అడవి మధ్య చెట్లు కొట్టి కాందిశీకులకు ఊళ్లు కట్టారు. వాటికి పేర్లు కూడా పెట్టలేదు, అంకెలు వేశారు. మల్కన్‌గిరి ప్రాంతంలో ఎం.వి. 1, ఎం.వి. 2 అంటూ. అటు బస్తర్‌లోని పరల్‌కోట్‌లో పి.వి. అంటూ. ఈ రోజుకూ ఆ ఊళ్లు ఆ అంకెలతోనే ఉన్నాయి. నదులు, వరి, చేపలు తెలిసిన మనుషులకు ఎర్రటి రాతినేల ఇచ్చారు. నీళ్లు లేవు. మలేరియా ఉంది. దండకారణ్య సంస్థకు అధ్యక్షుడిగా పనిచేసిన శైబాల్ కుమార్ గుప్తా ఈ నిర్వాకం చూడలేక 1964లో పదవి వదిలేసి, మరుసటి ఏడాది ఆ పథకం ఎంత ఘోరంగా విఫలమైందో అంకెలతో సహా వ్యాసాలు రాశారు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ అడవి ఎవరిదీ కాని నేల కాదు. కోయలది, గోండులది. నిర్వాసితులకు చోటివ్వడానికి ఆదివాసులను అడిగినవాళ్లు లేరు. పేదల మీదికి పేదలను తోలి ఇద్దరి మధ్యా పగ పుట్టించిన ప్రభుత్వాలు కలకత్తాలో కూర్చున్నా ఢిల్లీలో కూర్చున్నా ఒక్కటే.

ఈ మొత్తం వ్యవహారాన్ని వ్యతిరేకించింది వామపక్షాలే. దండకారణ్యానికి పంపొద్దని 1958లో కాందిశీకులు సత్యాగ్రహం చేస్తే ముందు నిలిచింది వాళ్లే. బెంగాల్‌లోనే బంజరు భూములున్నాయి, సుందర్బన్‌లో ఉన్నాయి, సాగులోకి తెస్తే వీళ్లందరికీ చోటు దొరుకుతుందని ప్రతిపక్షంలో ఉన్నప్పుడు జ్యోతిబసు పదేపదే వాదించారు. ఆయన పూర్వీకుల ఊరు బారుది కూడా తూర్పు బెంగాల్‌లోని అప్పటి ఢాకా జిల్లాలోదే. 1974-75 ప్రాంతంలో వామపక్ష నాయకులు దండకారణ్యం శిబిరాలకు వెళ్లారు. మేం గెలిస్తే మీరు బెంగాల్‌కు వచ్చేయొచ్చని వాళ్లు చెప్పారని కాందిశీకులు ఆ తరువాత ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నారు. ఆ మాటను వాళ్లు చేతిలో పెట్టిన పట్టా లాగే దాచుకున్నారు.

1977 జూన్‌లో వామపక్ష సంఘటన భారీ మెజారిటీతో గెలిచింది. జ్యోతిబసు ముఖ్యమంత్రి అయ్యారు.

సతీశ్ మండల్, రాయ్‌హరణ్ బారుయి లాంటివాళ్లు నడిపిన 'ఉద్వాస్తు ఉన్నయన్‌శీల్ సమితి' అనే కాందిశీకుల సంఘం కొత్త ప్రభుత్వానికి అర్జీలు పెట్టింది. మంత్రి రామ్ చటర్జీ దండకారణ్యం వచ్చి మాట్లాడి వెళ్లారు. ఆయన మాటల్లో వాళ్లు విన్నది ఆహ్వానమే. 1978 మార్చి వచ్చేసరికి జనం బయలుదేరారు. ఇరవై ఏళ్ల కష్టంతో కూడబెట్టుకున్న ఎడ్లను, రేకులను, వంటపాత్రలను అడ్డికి పావుసేరు అమ్మేసుకున్నారు. ఎం.వి. ఊళ్ల నుంచీ పి.వి. ఊళ్ల నుంచీ రాయ్‌పూర్ దగ్గరి మానా శిబిరం నుంచీ దాదాపు లక్షన్నర మంది కదిలారని అంచనా. కొందరు రైళ్లెక్కారు, కొందరు టికెట్ లేక దించేస్తే పట్టాల వెంట నడిచారు.

బెంగాల్ సరిహద్దులో వాళ్లకోసం ఎదురుచూస్తున్నది పోలీసులు. మనం పెట్టిన ప్రభుత్వం కదా, ఏదో పొరపాటు జరిగి ఉంటుందని చాలామంది అనుకున్నారు. వేలాదిమందిని రైళ్లలో పట్టుకుని తిప్పి పంపారు. తప్పించుకున్నవాళ్లు సుందర్బన్ ముఖద్వారం లాంటి హస్నాబాద్‌లో, రైలు స్టేషన్ చుట్టూ, నది ఒడ్డున చెట్ల కింద ఆగిపోయారు. అక్కడ చాలామంది పిల్లలు చనిపోయారు. చివరికి 1978 ఏప్రిల్ 18న సతీశ్ మండల్ నాయకత్వంలో పడవలెక్కి కుమీర్‌మారి దీవికి చేరి, అక్కడినుంచి కోరంఖాలి నది దాటి మరిచ్‌ఝాపిలో దిగారు. వర్షాకాలం వచ్చేసరికి దాదాపు 30,000 మంది అక్కడున్నారు. సర్కారు సొమ్ము మాకు అక్కర్లేదు, తరిమెయ్యకుండా ఉంటే చాలు అన్నారు. ఇంత తక్కువ అడిగినవాళ్లు మన దేశ చరిత్రలో ఎవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

ఆ పదమూడు నెలల గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే ఈ కథలో సంతోషం ఉన్నది అక్కడ మాత్రమే.

మరిచ్‌ఝాపి మనుషులుండే చోటు కాదు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి ఉప్పునీరు నేల మీదికి ఎక్కుతుంది. తాగే నీటి చుక్క ఉండదు. పులి తిరుగుతుంది. ప్రభుత్వం అంతకు కొన్నేళ్ల ముందు అక్కడ కొబ్బరి మొక్కలు, సరుగుడు లాంటి చెట్లు నాటి వదిలేసింది. దిగినవాళ్లు మొట్టమొదట చేసింది కట్ట కట్టడం. పోటునీరు ఎక్కడ ఎక్కుతుందో, మట్టి ఎక్కడ నిలుస్తుందో తరతరాలుగా తెలిసిన మనుషులు వాళ్లు. ఇరవై ఏళ్లు ఎర్రరాతినేల మీద పనికిరాకుండా పోయిన ఆ నేర్పు అంతా మళ్లీ చేతుల్లోకి వచ్చింది. ఆడా మగా తట్టలు మోసి కట్టలు లేపారు. గొట్టపు బావులు దింపారు. దారులు వేశారు. నేతాజీనగర్ అని పేరు పెట్టుకున్నారు. అంకె కాని పేరు వాళ్ల ఊరికి దొరకడం ఎన్నాళ్లకో!

బడి పెట్టారు, తమలోనే చదువుకున్నవాళ్లు పాఠాలు చెప్పారు. వైద్యశాల పెట్టారు. రొట్టెల బట్టీ వెలిగించారు. బీడీలు చుట్టారు, మగ్గాలు పెట్టారు, పడవలు తయారు చేశారు, ఉప్పు మడులు కట్టారు. చేపల చెరువులు తవ్వి ఆ ఆదాయంతో రాష్ట్రానికే పన్ను కట్టగలమన్నారు. చుట్టుపక్కల దీవులవాళ్లు బజారుకు అక్కడికే రాసాగారు. కుమీర్‌మారి జనం కూడా అంతకుముందు తరంలో అడవి నరికి స్థిరపడిన పేదలే. వాళ్లకూ వీళ్లకూ చుట్టరికం కలిసింది. కవి సునీల్ గంగోపాధ్యాయ ఆ దీవికి వెళ్లి చూసి ఆనందబజార్ పత్రికలో రాశారు. వెళ్లినవాళ్లలో కొందరు ఇదే మాట రాశారు. ప్రభుత్వం నుంచి పైసా తీసుకోకుండా ఇంత తక్కువ కాలంలో ఇంత పని జరగడం మరెక్కడా చూడలేదని.

ప్రభుత్వం చెప్పిన కారణాలూ వినాలి. అది రక్షిత అడవి, చెట్లు కొట్టడం చట్టవిరుద్ధం. 1973లో మొదలైన పులుల సంరక్షణ పథకం సుందర్బన్‌లోనూ అమలవుతోంది. రాష్ట్రం పేదది, 1978 సెప్టెంబరులో వరదలు వచ్చి సగం జిల్లాలు మునిగాయి. వీళ్లను ఉండనిస్తే దండకారణ్యంలో మిగిలినవాళ్లంతా వస్తారు, బంగ్లాదేశ్ నుంచీ వస్తారు. వీళ్ల వెనక ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టాలనుకునే శక్తులున్నాయి. ఈ వాదనల్లో కొన్నింటిలో నిజం ఉంది. అయితే సరిగ్గా ఇవే వాదనలు బిధాన్ చంద్ర రాయ్ చేసినప్పుడు వామపక్షాలు నిలబెట్టి కడిగేశాయి. ఆనాడు బెంగాల్‌లో సరిపడా ఉన్న నేల ఇరవై ఏళ్లలో ఎలా చాలకుండా పోయింది? దీనికి ఆ ప్రభుత్వం ఏనాడూ జవాబు చెప్పలేదు.

ఆ ప్రభుత్వం దుర్మార్గుల ప్రభుత్వం అనలేం. బాధ అక్కడే ఉంది. ఆ ఏడాదే, 1978లోనే, ఆపరేషన్ బర్గా మొదలైంది. కౌలుదార్ల పేర్లు రికార్డుల్లోకి ఎక్కించి, భూస్వామి ఇష్టం వచ్చినప్పుడు తరిమేసే వీల్లేకుండా చేసిన గొప్ప పని అది. తరువాతి ఏళ్లలో బర్గాదార్లు అని పిలిచే ఆ కౌలుదార్లలో దాదాపు 14 లక్షల మందికి ఆ రక్షణ దొరికింది. పంచాయతీ ఎన్నికలు పార్టీల గుర్తుల మీద జరిపి పల్లెకు అధికారం ఇచ్చింది కూడా ఆ ఏడాదే. రికార్డుల్లో ఉన్న పేదవాడికి అంత మేలు చేసిన ప్రభుత్వం, రికార్డుల బయట నిలబడ్డ పేదవాడిని మాత్రం శత్రువుగా చూసింది. పైగా ఈ పేదవాళ్లు పార్టీ జెండా కింద లేరు. తమ సంఘం తమది, తమ నాయకులు తమవాళ్లు. కలకత్తాలో స్థలాలు ఆక్రమించిన అగ్రకుల కాందిశీకుల కాలనీల పక్షాన కొట్లాడిన పార్టీకి, పనికిరాని దీవిలో కట్టలు కట్టుకున్న నామశూద్రులు మాత్రం చట్టం ఉల్లంఘించినవాళ్లుగా కనబడ్డారు. కులం మాట ఎత్తకుండా ఈ తేడాకు కారణం చెప్పగలిగినవాళ్లెవరూ నాకు కనబడలేదు.

బ్రిటన్‌లోనూ పదేళ్ల ముందు ఇలాంటిదే జరిగింది. 1962లో కన్సర్వేటివ్ ప్రభుత్వం కామన్వెల్త్ దేశాల వలసలను కట్టడి చేసే చట్టం తెస్తే, హ్యూ గైట్‌స్కెల్ నాయకత్వంలో లేబర్ పార్టీ అది జాతివివక్ష అని మండిపడింది. 1968లో కెన్యా నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టులతో మన భారతీయ మూలాలవాళ్లు రావడం మొదలవగానే, అప్పటికి ప్రభుత్వంలో ఉన్న అదే లేబర్ పార్టీ మూడు రోజుల్లో కొత్త చట్టం పాస్ చేయించి తలుపు మూసింది. చేతిలో పాస్‌పోర్టు ఉంటే చాలదు, తండ్రో తాతో బ్రిటన్‌లో పుట్టి ఉండాలన్నారు. అధికారం దక్కగానే ఓటరు భయం సిద్ధాంతం కన్నా పెద్దదై కూర్చోవడం అక్కడా ఇక్కడా ఒకటే. లండన్‌లో అది విమానాశ్రయంలో తిప్పి పంపడంగా కనిపించింది. మరిచ్‌ఝాపిలో లాంచీలు దిగాయి.

1979 జనవరి 24న దీవి చుట్టూ 144 సెక్షన్ విధించారు. దాదాపు ముప్పై పోలీసు లాంచీలు నదిని కమ్ముకున్నాయి. బియ్యం రావడానికి వీల్లేదు, మందులు రావడానికి వీల్లేదు, నీళ్లు తెచ్చుకోవడానికి వీల్లేదు. రెండు రోజుల తరువాత గణతంత్ర దినం. దీవిలో జెండా ఎగరేశారని బతికినవాళ్లు చెప్పారు. ఆకలికి ఉప్పునేలలో మొలిచే ఆకులు ఉడకబెట్టి తిన్నారు. పిల్లలు విరేచనాలతో పోయారు. ఆడవాళ్లను పోలీసులు ఏమీ చెయ్యరన్న నమ్మకంతో ఆడవాళ్లను పడవల్లో అవతలి ఒడ్డుకు పంపితే, లాంచీలు ఆ పడవలను గుద్ది ముంచాయని ఎంతోమంది సాక్ష్యం చెప్పారు. కుమీర్‌మారి జనం రాత్రిపూట దొంగచాటుగా బియ్యం, నీళ్లు అందించారు. జనవరి 31న పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం ఇద్దరే చనిపోయారంది. కాందిశీకులు 36 మంది అన్నారు. చనిపోయినవాళ్లలో వీళ్లకు ఆశ్రయమిచ్చిన కుమీర్‌మారి ఆదివాసీ మహిళ కూడా ఉందని ఆ దీవివాళ్లు చెబుతారు.

న్యాయవాదులు కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. ఫిబ్రవరి 7న కోర్టు తాగునీరు, ఆహారం, మందులు, డాక్టర్ల రాకపోకలను అడ్డుకోరాదని చెప్పింది. దిగ్బంధమే లేదని ప్రభుత్వం వాదించింది. ఆ ఆదేశంతో ఏమీ మారలేదని, లాంచీలు అలాగే తిరిగాయని దీవివాళ్లు చెప్పారు. మార్చిలో పార్లమెంటు సభ్యులు ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు. ఢిల్లీలో ఉన్నది మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం. మార్క్సిస్టుల మద్దతు దానికి అవసరం. అక్కడితో ఆ విచారణ ఆగిపోయింది. పత్రికలవాళ్లకు దీవిలోకి ప్రవేశం లేదు.

మే 14 నుంచి 16 వరకు మూడు రోజులు. పోలీసులు, వాళ్లతోపాటు పార్టీ మనుషులు దీవి మీదికి దిగారు. గుడిసెలకు నిప్పంటించారు. బడి కాలింది, వైద్యశాల కాలింది, పడవలు ముక్కలయ్యాయి. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయని బతికినవాళ్లు చెప్పారు. పట్టుకున్నవాళ్లను లాంచీల్లోకి తోసి హస్నాబాద్ తెచ్చి, అక్కడినుంచి లారీల్లో, రైళ్లలో దండకారణ్యానికి తిప్పి పంపారు. గందరగోళంలో భార్య ఒక లాంచీలో, భర్త ఒక లాంచీలో, పిల్లలు ఇంకెక్కడో. మళ్లీ కలవని కుటుంబాలున్నాయి. కొందరు పారిపోయి రైలు పట్టాల పక్కన, బారాసాత్ వైపు మురికివాడల్లో దాక్కుని బతికారు. మరిచ్‌ఝాపి ఖాళీ అయిందని సమాచార శాఖ మంత్రి బుద్ధదేవ్ భట్టాచార్య పత్రికలకు ప్రకటించారు.

ఎంతమంది చనిపోయారు? పోలీసు కాల్పుల్లో ఇద్దరని సర్కారు మాట. దిగ్బంధంలో, రోగాలతో, ప్రయాణాల్లో, కాల్పుల్లో కలిపి కొన్ని వేలమంది అని కాందిశీకుల సంఘాల మాట. తరువాత వచ్చిన ఒక లెక్క ప్రకారం బయలుదేరిన 14,388 కుటుంబాల్లో దండకారణ్యానికి తిరిగి చేరినవి 10,260. మిగతా 4,128 కుటుంబాల జాడ లేదు. జాడ లేనివాళ్లందరూ చనిపోయారని అనలేం, దాక్కున్నవాళ్లూ ఉన్నారు. నిజమైన సంఖ్య ఎప్పటికీ తెలియకపోవచ్చు. లెక్కపెట్టాల్సిన చేతులే ఆ దీవిని మూసేశాయి.

దళిత రచయిత మనోరంజన్ బ్యాపారి కుటుంబం కూడా ఆ కాందిశీక కుటుంబాల్లో ఒకటి. ఆయన తండ్రి మరిచ్‌ఝాపిలో ఉన్నారు. తన ఆత్మకథలో ఆయన ఆ గాయాన్ని రాశారు. 2004లో అమితవ్ ఘోష్ 'ది హంగ్రీ టైడ్' నవల వచ్చాకే బెంగాల్ బయట చాలామందికి ఆ దీవి పేరు తెలిసింది. 2005లో మానవశాస్త్రవేత్త అన్నూ జలైస్ సుందర్బన్ దీవుల్లో తిరిగి, అక్కడి పేదలు ఈ సంఘటనను ఎలా గుర్తుంచుకున్నారో రాశారు. ప్రభుత్వం తమకన్నా పులులకే ఎక్కువ విలువిస్తుందని వాళ్లకు అర్థమైంది ఆనాడే. మనుషుల మీదికి రావడం పులులు నేర్చుకున్నది కూడా ఆ రక్తం తరువాతే అని అక్కడివాళ్లు ఇప్పటికీ నమ్ముతారు.

వామపక్ష సంఘటన ఆ తరువాత వరుసగా గెలుస్తూ పోయింది. 1977తో కలిపి 2006 దాకా ఏడు ఎన్నికలు. మరిచ్‌ఝాపి వల్ల ఒక్క ఎన్నికా ఓడలేదు. అది ఓడించలేదన్నదే నాకు ఎక్కువ భయం కలిగించే విషయం. పేదవాడి మీద తుపాకీ ఎత్తినా ఏమీ కాదని ఆ పార్టీ అక్కడ నేర్చుకుంది. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో భూమి ఇచ్చేది లేదన్న రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్నది అదే బుద్ధదేవ్ భట్టాచార్య. అప్పుడు 14 మంది చనిపోయారు. ఈసారి టీవీ కెమెరాలున్నాయి. 2011లో 34 ఏళ్ల పాలన కూలింది. 2021 ఎన్నికల్లో బెంగాల్ శాసనసభలో వామపక్షాలకు ఒక్క సీటు కూడా రాలేదు. ఒకనాడు కాందిశీకులే ఊపిరిగా ఎదిగిన పార్టీ నుంచి నామశూద్రులు, వాళ్లే ఎక్కువగా ఉన్న మతువా మత సమాజం దూరమై ఇప్పుడు వేరే జెండాల కింద పౌరసత్వం కాగితాల కోసం నిలబడ్డారు.

ఈ జనం మనకు దూరపువాళ్లు కారు. కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ పక్కన ఈస్‌గాం, నజ్రూల్‌నగర్ ఊళ్లున్నాయి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు కేంద్రం ఇచ్చిన స్థలాలవి. ఇంట్లో బెంగాలీ, బజారులో తెలుగు మాట్లాడుకుంటూ దసరాకు దుర్గాపూజ చేసుకుంటూ మూడో తరం బతుకుతోంది. బెంగాల్‌లో షెడ్యూల్డు కులమైన నామశూద్రులకు ఇక్కడ ఆ గుర్తింపు లేదు, ఏళ్లుగా అడుగుతున్నారు.

మరిచ్‌ఝాపి ఇప్పుడు అడవి. మనుషులు లేరు. ఆనాటి ఘటన మీద ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ మృతుల జాబితా ప్రకటించలేదు, ఒక్క అధికారికీ శిక్ష పడలేదు. 2011లో కుర్చీ ఎక్కినవాళ్లూ ఓట్లకోసం ఆ పేరు తలచుకున్నారే తప్ప నిజం బయటికి తియ్యలేదు. ఆనాడు ఇరవై ఏళ్లవాళ్లు ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డారు. వామపక్షాల్లో ఇప్పటికీ నిజాయితీగల మనుషులున్నారని నేను నమ్ముతాను. వాళ్లకే ఈ మాట: ప్రత్యర్థులు అడిగేదాకా ఆగకండి. మీ పార్టీ కార్యాలయాల్లో ఉన్న ఆనాటి కాగితాలు బయటపెట్టండి, మల్కన్‌గిరి ఎం.వి. ఊళ్లకు వెళ్లి ఆ ముసలివాళ్ల ముందు కూర్చుని వాళ్లు చెప్పే పేర్లు రాసుకోండి, వాళ్లను క్షమాపణ అడగండి.